ఇంటి జాగ

2023 డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా సర్కారు పథకాలకు దరఖాస్తులు తీసుకునే ప్రజాపాలన సభలు నడిచినన్ని రోజులు మల్యాలలో నాకు ఒక్కటే పని, ఫారాలు నింపడం. కొలువు దిగిన తెలుగు పంతులు చేతిరాత మీద మా ఊరికి ఇంకా గురి ఉంది. మూడో రోజో నాలుగో రోజో ఒక తల్లి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన ఫారం నా ముందు పరిచింది. ఇందిరమ్మ ఇండ్ల భాగంలో 'అమరవీరుల కుటుంబం' అన్న గడి మీద వేలు పెట్టింది.

"సారూ, గీడ టిక్కు పెట్టున్రి. మా ఆయన మిల్ట్రీల ఉండంగనే పాణం ఇడిసిండు."

ఆ గడిలో అమరవీరులంటే తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్లు. వాళ్ల కుటుంబాలకు 250 చదరపు గజాల ఇంటి స్థలం ఇస్తామన్న హామీ అది. వాళ్లకు దక్కాల్సిందే. కానీ ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినవాణ్ని. అమరవీరుడు అన్న మాటలో ఆమె భర్త ఎందుకు ఇమడడో నాకు తెలిసిన వ్యాకరణంలో ఎక్కడా లేదు. చివరికి ఎట్లనో చెప్పాను. ఆమె కోపం చేయలేదు. కాసేపు ఫారం వైపు చూసి, "మరి మా అసొంటోళ్లకు జాగ ఏ గడిల ఉన్నదో అండ్ల పెట్టున్రి" అన్నది.

ఇల్లు అనలేదు, స్థలం అనలేదు. జాగ అన్నది. ఆ రాత్రి నుంచి ఆ మాట నన్ను పట్టుకుంది.

జాగ మా దిక్కు పొద్దున లేస్తే నోట్లో ఉండే మాట. జగిత్యాల బస్సు ఎక్కితే "జర జాగ ఇయ్యి" అంటాం. కొండగట్టు మీద తువ్వాల పరిచి "జాగ పట్టిన" అంటాం. పొలం గట్టు కాడ తల పగిలేది జాగ కోసమే. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "పిలగానికి సొంత జాగ ఉన్నదా?" అని ఆడపిల్ల తరఫువాళ్లు అడుగుతారు. బస్సులో సీటు, చెట్టు కింద చోటు, ఊళ్లో ఆస్తి, మూడింటికీ ఒకటే మాట. కోస్తా వాళ్లు జాగా అని చివర సాగదీస్తారు, ఎక్కువగా స్థలం అంటారు. తెలుగుకు తనవంటూ తావు, చోటు, నెలవు, ఎడ ఉండనే ఉన్నాయి. అవి ఉండగానే ఈ మాట దక్కనీ బజారు నుంచీ నైజాం దఫ్తరు నుంచీ వచ్చి మా నడింట్లో కూర్చుంది. ఇప్పుడు దాన్ని పరాయిదని ఎవరన్నా అంటే మా ముసలివాళ్లు ఒప్పుకోరు.

ఫారసీలో 'జాయ్' అంటే చోటు. 'గాహ్' అన్నా చోటే. రెండూ కలిస్తే జాయ్‌గాహ్. హిందీ జగహ్, మరాఠీ జాగా, మన జాగ ఆ ఇంటివేనని నిఘంటుకారులు చెప్తారు. ఆ చివరి 'గా' మనకు కొత్తేమీ కాదు. దర్గాలో ఉన్నది అదే, ఈద్గాలో ఉన్నదీ అదే. ఇంకా వెనక్కి పోతే పాత పారశీక శాసనాల్లో 'గాథు' కనిపిస్తుంది. చోటు అనీ సింహాసనం అనీ దాని అర్థం. దానికి వేదంలోని 'గాతు' తోబుట్టువు. పోవడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట అది. నడక, దారి, మెసలడానికి అడ్డులేని చోటు, ఉండే నెలవు, ఇన్ని అర్థాలు దానికి ఒకటి వెంట ఒకటి చేరాయి. దారి అన్న మాటే తిరిగి తిరిగి నెలవు అయిందన్నమాట. జమ్మూ నుంచి అస్సాం దాకా ఊళ్లు మారుతూ పోయిన సిపాయి కథకు ఇంత దగ్గరి పదచరిత్ర నేను ఇంకొకటి చూడలేదు.

రాత్రి పహరా కాసేవాడి "జాగ్తే రహో"లోని జాగ్ వేరే. అది సంస్కృత జాగరణకు చుట్టం. ఆలస్యం అనే జాగు మన దేశ్యం. ఈ మూడు మాటలకూ పుట్టుకలో పొత్తు లేదు. సరిహద్దులో జాగరణ చేసి వచ్చినవాడికి ఊళ్లో జాగ దొరకడం జాగవుతున్నదని ఒక మిత్రుడు అంటే వినడానికి బాగానే ఉంది గానీ, శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపడం నాకు చేతకాదు. జాగకు నిజమైన చుట్టం ఒకటుంది. అది జాగీరు.

జాగీరులో మొదటి సగం అదే 'జాయ్'. రెండో సగం 'గీర్', పట్టుకునేది. చేయి పట్టుకుని ఆదుకునేవాడు దస్త్‌గీర్, మన దస్తగిరి. లోకాన్ని పట్టినవాడు జహంగీర్. చోటును పట్టినది జాగీర్. ఏ లెక్కన పట్టేవారు? మొగలుల నాటి నుంచి సైన్యాన్ని పోషించే సర్దారుకు రొక్కం జీతానికి బదులు కొన్ని ఊళ్ల రాబడి రాసిచ్చేవాళ్లు. నైజాంలో పాయిగా ఎస్టేట్లు నిజాం సొంత దళాలను పోషించే కుటుంబానికి ఇచ్చినవి. ఆ పాయిగాలోనూ మన 'గాహ్' ఉంది. పాయ్ అంటే పాదం. పాదం మోపే చోటు, ఆ తర్వాత గుర్రపుశాల, ఆ తర్వాత రౌతుల దళం, చివరికి ఆ దళాన్ని మేపే ఎస్టేటు. అంతకు ముందు కాకతీయుల కాలంలో నాయంకరం చేసిన పనీ ఇదే. రాజులు మారారు, భాష మారింది, ఏర్పాటు మాత్రం నిలిచింది. సిపాయి పేరు చెప్పి నేల ఇచ్చారు, ఆ నేల సర్దారు తిన్నాడు. సిపాయి చేతికి వచ్చింది బత్తెం.

1949 ఆగస్టులో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. మాట మాత్రం కొట్లాటలో బతికింది. బస్సులో ఎవడన్నా రెండు సీట్లు ఆక్రమిస్తే "నీ అయ్య జాగీరా?" అని ఈనాటికీ అడుగుతాం. ఒక తల్లి బిడ్డల్లో జాగీరు పోయి తిట్టులో కలిసింది, జాగ మాత్రం అడుక్కునే మాటగా మిగిలింది.

ఇట్లా సైన్యంలో పుట్టి ఊళ్లో స్థిరపడిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఏ ఆఫీసు గోడ మీద చూసినా 'సిబ్బంది' ఉంటుంది. అది సిహ్‌బందీ.  శిస్తు వసూళ్లకు పెట్టుకునే తాత్కాలిక దళాలకు ఆ పేరు. ఆ బంట్ల పేరు ఇప్పుడు ప్రతి గుమస్తాకూ అంటింది. సికింద్రాబాదును మేం లష్కర్ అంటాం. లష్కర్ అంటే దండు. బోనాలు కూడా లష్కర్ బోనాలే. కోస్తాలో ఎన్ని పాలేలు! పాళెం అంటే దండు విడిసిన చోటు. సంస్కృతంలో నివేశం అంటే సేన విడిది, ఇల్లు, పెండ్లాడి సంసారం పెట్టడం కూడా. ఆంధ్ర దిక్కు సర్కారు కాగితాల్లో ఇంటి జాగను నివేశన స్థలం అంటారు. రాసే గుమస్తాకు తెలియకపోవచ్చు గానీ ఆ మాటలో గుడారమూ ఉంది, గృహస్థుడూ ఉన్నాడు.

కాలనీ సంగతి ఇంకా గట్టిది. ఇందిరమ్మ కాలనీ, డబుల్ బెడ్రూం కాలనీ, ఊరి చివర ప్రతి కాలనీ పేరులో ఉన్నది లాటిన్ 'కొలోనియా'. దున్నడం, కాపురముండడం అనే ధాతువు నుంచి వచ్చింది. రోము సైన్యంలో కొలువు దిగినవాళ్లకు నేల పంచి నిలబెట్టిన ఊళ్లు కొలోనియాలు. జర్మనీలో కొలోన్ పట్నానికి ఆ పేరు అట్లా పడిందే, క్రీ.శ. 50లో. ఇంగ్లీషువాళ్లు వెటరన్ అనే మాట కూడా ఆ లాటిన్‌దే. ముదిరినవాడు అని అర్థం, దాని మూలంలో ఏడాది అనే మాట ఉంది. మన సంవత్సరంలోని వత్సరం దానికి దూరపు బంధువు. ఏండ్లు ఖర్చుపెట్టినవాడు వెటరన్. ఆ ఏండ్లకు బదులు రోము నేల ఇచ్చింది. దానికోసం ముందున్న రైతులను వెళ్లగొట్టిన సందర్భాలూ ఉన్నాయి గనుక రోమును నేను పొగడను. కానీ సిపాయికే నేరుగా నేల అన్న ఆలోచన వాళ్ల మాటలో నిలిచిపోయింది.

మన దగ్గర ఆ ఆలోచన లేకపోలేదు. పక్కనున్న కన్నడ శాసనాల్లో 'నెత్తరుగొడగె' అని ఉంటుంది. పోరులో చచ్చినవాడి ఇంటివాళ్లకు రాసిచ్చిన నేల. నెత్తురు మన మాటే, కొడగె అంటే ఇచ్చినది. తమిళంలో దాన్నే ఉదిరప్పట్టి అన్నారు. నెత్తుటికి నేల అని తడుముకోకుండా రాతి మీద చెక్కినవాళ్ల ధైర్యం నాకు నచ్చుతుంది. రాతి మీదికి ఎక్కిన దానం మా దిక్కూ ఒకటి ఉంది. మల్యాల నుంచి కరీంనగర్ పోయే తోవలో గంగాధర మండలంలో కురిక్యాల ఉంది. మల్యాల, జగిత్యాల, కురిక్యాల, మా ఊళ్ల పేర్లు ఒకే తాళంలో ముగుస్తాయి. అక్కడి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కందాలున్నాయని అందరూ చెప్తారు. తన అన్న పంపకవికి రాజు అరికేసరి ధర్మవురం అగ్రహారం ఇచ్చిన సంగతి కూడా ఆ రాతి మీదే ఉంది. పంపడు కత్తీ గంటమూ రెండూ పట్టినవాడని ప్రసిద్ధి. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ ఊరు ఇచ్చారు అన్నది వెయ్యేండ్లు దాటినా ఆ గుట్ట ఎక్కి చదువుకోవచ్చు.

మరి ఇప్పటి జవాను? మామూలు జవానుకు పెన్షన్ రావాలంటే పదిహేనేండ్ల కొలువు ఉండాలి. పద్దెనిమిదికో ఇరవైకో పోయినవాడు నలభై నిండకముందే తిరిగి వస్తాడు. అన్ని రోజులు ఉన్నది బ్యారక్, కాస్త నయమైతే ఫ్యామిలీ క్వార్టరు. కొలువు దిగితే క్వార్టరు ఖాళీ చేయాలి. ఊళ్లో చూస్తే ఈ పదిహేనేండ్లలో పంపకాలు అయిపోయి ఉంటాయి. పాలోళ్లు కట్టుకున్న ఇండ్ల నడుమ ఇతని వంతు సందు ఎటు పోయిందో తెలియదు. పంపిన డబ్బు చెల్లె పెండ్లికి పోయింది, ఎండిపోయిన బోరుకు పోయింది. ఇట్లాంటివాడు బస్టాండులో పడుకోడు కాబట్టి ఇల్లు లేనివాడని ఎవరూ అనుకోరు. తమ్ముని ఇంట్లో ఓ అర్రలో ఉంటాడు, కాదంటే కోరుట్లలోనో సిరిసిల్లలోనో కిరాయికి ఉంటాడు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు పదిహేడు లక్షల డెబ్బై వేలకు పైగా తేలారు. వాళ్లలో మిలట్రీలో చేసినవాళ్లెందరని అడిగే గడి ఆ ఫారంలో లేదు. తమ్ముని అర్రలో ఉన్నవాడు ఆ లెక్కలోకే రాడు.

అతన్ని ఊరు మిలట్రాయన అంటుంది. కాగితం మాజీ సైనికుడంటుంది. మాజీ అరబ్బీ మాట, గడిచినది అని అర్థం. నైజాం బడుల్లో ఉర్దూ వ్యాకరణం చదివిన మా పెద్దలు మాజీ, హాల్, ముస్తక్‌బిల్ అని కాలాలు వల్లించేవాళ్లు. భూతం, వర్తమానం, భవిష్యత్తు. సైనికుడి పేరుకు మనం మొదటి కాలాన్ని తగిలించి ఊరుకున్నాం. హాల్ ఏమిటని అడిగే పని మిగిలే ఉంది.

అడిగే ఏర్పాట్లు అసలే లేవనడం అన్యాయం. కేంద్రీయ సైనిక్ బోర్డు ఉంది, రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ ఉంది. డిసెంబరు 7న జెండా దినం చందాలతో నడిచే నిధి ఉంది. 65 ఏండ్లు దాటి పెన్షన్ లేని జవానుకో అతని వితంతువుకో నెలకు 4,000 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2025 నవంబరు నుంచి అది 8,000 అయింది. యుద్ధంలో పోయినవాళ్ల ఇండ్లవాళ్లకు, యుద్ధంలో అవిటైనవాళ్లకు ఇంటి అప్పు మీద సగం వడ్డీ తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. 1978లో పెట్టిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ సంస్థ పట్నాల్లో ఫ్లాట్లు కడుతుంది. వీటిని నడిపేవాళ్లలో మనసు పెట్టి పనిచేసేవాళ్లను నేను చూశాను. డిశ్చార్జి బుక్కులో పేరు తప్పు పడితే రికార్డు ఆఫీసుకు తామే ఉత్తరం రాసినవాళ్లున్నారు. అయితే అప్పు మీద వడ్డీ తగ్గాలంటే ముందు అప్పు పుట్టాలి. అప్పు పుట్టాలంటే బ్యాంకుకు జాగ కాగితం కావాలి. ఊరి నడుమ ఆబాది జాగలకు, గ్రామకంఠం జాగలకు తాతల నాటి కాపురమే సాక్ష్యం, రిజిస్ట్రీ ఉండదు. సాయం ఎటు తిరిగినా అదే మాట దగ్గర ఆగుతుంది.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలోనూ అంతే. సొంత జాగ ఉన్నవాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి ఐదు లక్షలు, నాలుగు విడతల్లో. సర్వే చేసి జాబితాలు తీశారు. జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగ కూడా లేనివాళ్లు ఎల్-2. ఐదు లక్షలు చిన్న మొత్తం కాదు, ఆ డబ్బుతో మా మండలంలో లేచిన గోడలు చూసి సంతోషపడ్డవాణ్ని. కానీ అసలేమీ లేనివాడే వెనక వరుసలో నిలబడ్డాడు. సైనికుడు ఏండ్ల తరబడి ఊరికి దూరంగా ఉన్నందుకే ఆ వెనక వరుసలో పడ్డాడని ఏ జాబితాలోనూ రాసి లేదు.

గల్వాన్‌లో 2020 జూన్‌లో కర్నల్ సంతోష్ బాబు నేలకొరిగినప్పుడు రాష్ట్రం ఆ కుటుంబానికి ఐదు కోట్లతో పాటు బంజారాహిల్స్‌లో 711 గజాల జాగ ఇచ్చింది. ఆ సూర్యాపేట బిడ్డ కుటుంబానికి ఎంత ఇచ్చినా తక్కువే. అయితే అది ముఖ్యమంత్రి స్వయంగా ఇచ్చిన గౌరవం. గౌరవం ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా దక్కుతుంది. జ్వరంతో మిలట్రీ ఆస్పత్రిలో పోయిన నాయక్ భార్యకు కావాల్సింది అడగకుండానే అందే హక్కు. సర్కారు భూమి మాజీ సైనికులకు అసైన్ చేసే పద్ధతి పాతదే, మా దిక్కు దాన్ని లావుణి పట్టా అంటారు. నాటు వేయడం అనే మరాఠీ మాట నుంచి వచ్చింది ఆ లావుణి. అది సాగు నేల. ఇచ్చినా ఊరికి మూడు మైళ్ల అవతల బోడి గుట్ట కింద ఉంటే దాని మీద పొయ్యి రాజదు.

అమెరికాలో 2010లో ఇల్లు లేని మాజీ సైనికులు డెబ్బై నాలుగు వేలకు పైగా. 2024 జనవరి లెక్కలో 32,882. అక్కడ ఒకటి చేశారు. స్థానిక సేవా సంస్థలకు డబ్బిచ్చి, కిరాయి బాకీ పడ్డ మాజీ సైనికుడి ఇంటి తలుపు తట్టించారు. సామాను బజారున పడకముందే బాకీ కడతారు, ఇల్లు పోయినవాడికి అడ్వాన్సు కట్టి వేరే ఇంట్లో దించుతారు, పెన్షన్ కాగితాలు వెతికిపెట్టే మనిషిని తోడిస్తారు. దీనికి పెద్ద చట్టాలకంటే ముందు కావాల్సింది ఎవరు ఎక్కడ ఉన్నారన్న లెక్క. ఒక రాత్రి పూనుకుని వీధి వీధి తిరిగి వాళ్లు లెక్కపెడతారు. మనకు అంత కష్టం కూడా లేదు. ఏ జవాను ఏ తేదీన ఇంటికి వస్తాడో ఏడాది ముందే రికార్డు ఆఫీసుకు తెలుసు. ఆ తేదీ తహసీల్దారుకు చేరి, అతను రైలు దిగేలోపు ఊళ్లో నూట ఇరవై గజాలు కొలిచి పెడితే తీరే పని.

అగ్నివీరుల సంగతి తలుచుకుంటే ఇది తొందర పని అనిపిస్తుంది. 2022 జూన్‌లో తెచ్చిన ఆ పద్ధతిలో నాలుగేండ్లకు నలుగురిలో ముగ్గురు తిరిగి వస్తారు. పదకొండున్నర లక్షల పైచిలుకు సేవానిధి చేతికి వస్తుంది, పెన్షన్ ఉండదు. మాజీ సైనికుడనే హోదా కూడా ఉండదు. ఇరవై రెండు ఇరవై మూడేండ్ల పిల్లవాడికి ఆ 'మాజీ' కూడా దక్కనప్పుడు అతన్ని ఏ మాటతో పిలుస్తామో తెలుగు ఇంకా తేల్చుకోలేదు.

ఇల్లు అన్న మాట దగ్గరికి రావాలి. తమిళంలో ఇల్, కొలామీలో ఎల్ల, మన ఇల్లు, ఇవన్నీ ఒక తల్లివే. బహువచనం ఇండ్లు అని మా నోట నిలిచింది, కోస్తాలో ఇళ్లు అయింది. ఇప్పుడు సర్కారు పథకం పేరులోకి ఇండ్లు ఎక్కినందుకు నాకు లోలోపల గర్వం. ఇల్లుకు ఆలు చేరితే ఇల్లాలు. తమిళంలో ఇల్ అంటేనే భార్య అన్న అర్థమూ ఉంది. ఇందిరమ్మ ఇల్లు ఆడమనిషి పేరు మీద ఇస్తున్నారంటే భాష ఎప్పుడో చెప్పిన మాటను జీవో ఇప్పుడు ఒప్పుకుందన్నమాట. సైనికుడి విషయంలో ఇది మరీ నిజం. ఆయన పదిహేనేండ్లు బయట ఉంటే ఇల్లు అన్నది ఆమె ఎక్కడుంటే అక్కడే.

ఏడాది తర్వాత జాబితాలు వచ్చాక ఆ తల్లి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఫోనులో తీసిన ఫోటో చూపించింది. పేరు ఉంది, ఆధార్ అంకెలు సరిగానే ఉన్నాయి.

"ఎల్-2 అని ఉన్నది సారూ. గదేంది?"

"జాగ లేనోళ్లని అమ్మా."

ఆమె ఫోను కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

"గది నేనే చెప్పిన గద సారూ, పోయినేడు."